మైకా పొర నుంచి మూడు ఫ్యాన్ల దాకా

నెల్లూరు జిల్లా ఆత్మకూరు మట్టికీ కంప్యూటర్ లోపలి వేడికీ సంబంధం ఉంది. గ్రాఫిక్స్ కార్డు బాగుచేయించుకోవడానికి నా కొట్టుకొచ్చే కుర్రాళ్ళతో ఈ మాట అంటే నమ్మరు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

పాత భూగర్భ సర్వేలు నెల్లూరు జిల్లా మైకా నేలను నాలుగు తునకలుగా చెప్పేవి: గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి. 1890ల నుంచి ఇక్కడ గనులు సాగాయి. బీహారు మైకాది ఎర్ర ఛాయ, మనది ఆకుపచ్చ ఛాయ. మైకా అనగానే అందరూ గూడూరు, సైదాపురం పేర్లే చెబుతారు గానీ, మా చిన్నప్పుడు ఆత్మకూరు చుట్టుపక్కల బీళ్ళలో వాన వెలిశాక కాకిబంగారం, అంటే మైకానే, తళతళలాడుతూ కనపడేది. పిల్లలం ఏరుకొచ్చి పలకల మీద అంటించుకునేవాళ్ళం.

మా అవ్వ పెళ్ళికి ముందు మైకా షెడ్డులో పనిచేసింది. గనిలోంచి వచ్చిన దిమ్మను కత్తిమొనతో పొరలు పొరలుగా విడదీయడం, పగుళ్ళూ మరకలూ ఉన్న అంచులు కోసేయడం, సైజుల వారీగా పేర్చడం. ఎక్కువగా ఆడవాళ్ళే చేసిన పని అది. ఆ పొరలు ఓడలెక్కి ఏ దేశం పోతాయో, అక్కడ వాటితో ఏం చేస్తారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రేడియో వాల్వుల లోపల తీగలను కదలకుండా పట్టి ఉంచే పలకలుగా, కండెన్సర్లలో పొరలుగా, మోటార్లలో అడ్డుగా అవి వెళ్ళేవి. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల సైన్యాల వైర్‌లెస్ సెట్లకు మన దేశపు మైకా లేకుండా గడిచేది కాదు. అంత పనితనం చేతుల్లో ఉన్న ఆడవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మైకా కరెంటును పోనివ్వదు. 500 డిగ్రీల వేడి తగిలినా చెక్కుచెదరదు. వెంట్రుక మందం కన్నా పలచగా చీల్చినా చిరగదు. నిజానికి అది వేడిని బాగా మోసే వస్తువు కాదు, రాగితోనో అల్యూమినియంతోనో పోలిస్తే వందల రెట్లు తక్కువ. అయితే అంత పలచగా చీలుతుంది కనుక ఆ తక్కువతనం లెక్కలోకి రాదు. నా వృత్తి మొత్తం ఈ ఒక్క గుణం మీద మొదలైంది.

1980ల చివర్లో నేను ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక రేడియో రిపేరు కొట్టులో పనికి కుదిరాను. రేడియోలు అప్పటికే తగ్గుముఖం. కొట్టు నడిచింది మైకు సెట్ల మీద. శ్రీరామనవమి పందిళ్ళు, తిరునాళ్ళు, పెళ్ళిళ్ళు, ఎన్నికలు. అన్నిటికన్నా పెద్దది అనుమసముద్రంపేట దర్గా గంధం. ఆ రోజుల్లో ఆంప్లిఫయర్ రాత్రంతా ఆగకూడదు. దాని వెనకవైపు అల్యూమినియం రెక్కల మీద బిగించి ఉండేది 2ఎన్3055 ట్రాన్సిస్టర్. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 1960ల మొదట్లో తెచ్చిన సరుకు అది. పొట్టి లోహపు డబ్బీ, అటొకటి ఇటొకటి స్క్రూ రంధ్రాలు. ఆ డబ్బీకే కరెంటు ఉంటుంది. తిన్నగా అల్యూమినియం మీద బిగిస్తే కరెంటు బాడీలోకి దిగి మొత్తం కాలిపోతుంది. బిగించకుండా వదిలేస్తే వేడికి ట్రాన్సిస్టరే పోతుంది.

అందుకని మధ్యలో మైకా వాషరు. మా గురువుగారు చెప్పిన మాట నాకు బీజాక్షరం: "ఒరే అబ్బయ్యా, కరెంటుకు గేటెయ్యాల, వేడికి దోవియ్యాల. రెండూ ఒక్క కాయితం మందంలో జరగాల."

ఆ పని ఇలా ఉండేది. ముందు అల్యూమినియం రంధ్రాల అంచుల్లో లేచిన మొనలను ఆకురాయితో అరగదీయాలి. లేకపోతే బిగించేటప్పుడు మైకాకు గుచ్చుకుంటాయి. వాషరును బల్బు వెలుగుకు ఎత్తి పట్టి చూడాలి, సూదిమొనంత చిల్లి ఉన్నా పనికిరాదు. తర్వాత తెల్ల పేస్టు రెండు వైపులా పూయాలి. కొత్తవాళ్ళంతా ఇక్కడే దట్టంగా మెత్తుతారు. ఎంత నున్నగా కనపడే లోహమైనా దగ్గరగా చూస్తే ఎత్తుపల్లాలే. ఆ పల్లాల్లో గాలి ఉంటుంది, గాలి వేడిని మోయదు. పేస్టు పని ఆ పల్లాలను నింపడం, అంతే. అంతకు మించి పూస్తే అదే అడ్డం. రెండు స్క్రూలనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. చివర మీటరు పెట్టి కరెంటు దాటడం లేదని చూసుకోవాలి. ఇవాళ వేల రూపాయల గ్రాఫిక్స్ కార్డు విప్పి పేస్టు మార్చేటప్పుడు కూడా నా చేతులు చేసేది ఈ పనే. మైకా ఒక్కటే లేదు, దాని బదులు మెమరీ చిప్పుల మీదా పవర్ భాగాల మీదా మెత్తటి సిలికోన్ ప్యాడ్లు వచ్చాయి. ఎత్తు తేడాలు పూడ్చి, కరెంటుకు అడ్డుపడి, వేడిని దాటించడం వాటి పని.

ఆ ఆంప్లిఫయర్లకు ఫ్యాను లేదు. ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రెక్కలు నిలువుగా ఉండేవి. వేడెక్కిన గాలి పైకి పోతుంది, కింద నుంచి చల్లగాలి వస్తుంది. పెట్టెను గోడకు జానెడు దూరంలో, రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టేవాళ్ళం. దాని మీద తువ్వాలు ఆరేస్తే గురువుగారు ఊరుకునేవారు కాదు. గంధం రాత్రుల్లో రెక్కల మీద వేలు పెట్టి లెక్క చూసేవాళ్ళం. వేలు అంటి ఉండగలిగితే ఫరవాలేదు, చటుక్కున లాక్కోవాల్సి వస్తే సౌండు తగ్గించాలి. మైకులో ఖవాలీ, పక్కన ఆంప్లిఫయర్. దాని నుంచి ఏ చప్పుడూ లేదు. బరువైన అల్యూమినియమే అక్కడ ఫ్యాను పని చేసింది.

కంప్యూటర్లు 1990ల చివర్లో మా ఊరికి వచ్చాయి. మొదట పెళ్ళిపత్రికల డీటీపీ కొట్లు, ఆ తర్వాత ఫోటో స్టూడియోలు. తొలినాటి ఎస్3 ట్రయో కార్డుల చిప్పు మీద అల్యూమినియం ముక్క కూడా ఉండేది కాదు. ఆటలకోసం 1996లో వచ్చిన 3డీఎఫ్ఎక్స్ వూడూ కార్డుదీ అదే తీరు. రెండు మూడేళ్ళలో చిప్పు నెత్తిన అల్యూమినియం వచ్చింది, దాని నెత్తిన ఫ్యాను వచ్చింది. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 ఫ్యానుతోనే బజారుకొచ్చింది.

ఆ చిన్న ఫ్యాన్లే మా మెట్ట ప్రాంతంలో మొదట చేతులెత్తేశాయి. నాలుగైదు సెంటీమీటర్ల ఫ్యాను, లోపల నూనె చుక్క మీద తిరిగే ఇరుసు. వేసవిలో ఆ నూనె ఎండిపోతుంది, దుమ్ము చేరి జిడ్డవుతుంది, ఇరుసు అరుగుతుంది. "కార్డు ఏడుస్తా ఉందన్నా" అంటూ తెచ్చేవాళ్ళు. నిజంగా ఏడుపు లాంటి చప్పుడే. కొన్నాళ్ళకు ఏడుపు ఆగిపోతుంది, అప్పుడు ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఫ్యాను ఆగిపోయి ఉంటుంది. చిన్న కార్డుల విషయంలో నేను ఫ్యాను పీకేసి, పాడైన ఆంప్లిఫయర్ రెక్కల్లోంచి ముక్క కోసి, చిప్పుకు సరిపడా నున్నగా రుద్ది బిగించేవాణ్ణి. చప్పుడు లేదు, అరిగే భాగం లేదు. అలా మార్చిన కార్డులు కంప్యూటర్ పాతబడి పక్కన పడేసేదాకా పనిచేశాయి. గంధం రాత్రుల విద్య అలా కంప్యూటర్‌లోకి వెళ్ళింది.

పెద్ద కార్డుల కథ వేరు. లోకం మొత్తం మాట్లాడుకున్న మోత జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రాది. 2002 నవంబరులో ప్రకటించారు, మరుసటి ఏడాది అమ్మకానికొచ్చింది. అంతకు ముందే 2002 ఆగస్టులో ఏటీఐ కంపెనీ రేడియాన్ 9700 ప్రోతో ముందుకెళ్ళింది. దాన్ని అందుకోవడానికి ఎన్విడియా తన చిప్పును 500 మెగాహెర్ట్జ్ దాకా తోలింది. ఆ వేడిని బయటికి నెట్టడానికి రెండు స్లాట్ల వెడల్పున కూలర్ పెట్టి, గాలిని సన్నటి దారిలో జోరుగా ఊదించారు. చప్పుడు ఎంత దారుణమంటే, ఆ కార్డుతో ఆకులు ఊడ్చినట్టు, జుట్టు ఆరబెట్టుకున్నట్టు ఎన్విడియా వాళ్ళే వీడియో తీసి తమ మీద తామే జోకు వేసుకున్నారు. కొద్ది నెలల్లోనే 5900 అల్ట్రా తెచ్చి దాన్ని మరుగున పడేశారు. ఆ కార్డు ఆత్మకూరుకు రాలేదు, ఇక్కడ దాన్ని కొనే జేబులూ లేవు. అది మొదలుపెట్టిన దారి మాత్రం మా దాకా వచ్చింది.

చప్పుడుకు ఒక లెక్క ఉంది, కార్డు కొనేవాళ్ళంతా దీన్ని మనసులో పెట్టుకోవాలి. ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపవుతుంది, మోత మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితేనే చెవికి రెట్టింపుగా తోస్తుంది. అంటే రెట్టింపు గాలి కోసం దాదాపు మూడింతల రొద భరించాలి. దీన్నే తిరగేస్తే పరిష్కారమూ కనపడుతుంది: పెద్ద రెక్కల ఫ్యాను, నెమ్మదైన వేగం, వెడల్పాటి లోహం. కార్డులు క్రమంగా రెండు ఫ్యాన్లకు, మూడు ఫ్యాన్లకు పెరగడానికి కారణం ఇదే. సోకు కోసం పెరిగాయని కొందరు అనుకుంటారు, కాదు.

మా వైపు పెద్ద కార్డుల అవసరం పెళ్ళి వీడియోల వల్ల వచ్చింది. 2010లో అడోబీ ప్రీమియర్ కొత్త వెర్షన్ ఎన్విడియా కార్డు సాయంతో వీడియోను వేగంగా నడిపించడం మొదలుపెట్టింది. మిక్సింగ్ చేసే స్టూడియోలు ఆత్మకూరులో, ఉదయగిరిలో, వింజమూరులో ఒక్కొక్కటే కార్డు వేయించుకోసాగాయి. ఆ ఏడాది మార్చిలోనే జీటీఎక్స్ 480 వచ్చింది. 300 కోట్ల ట్రాన్సిస్టర్లు, 250 వాట్లు. చల్లటి దేశాల్లోనే 90 డిగ్రీలు దాటి, దాని మీద గుడ్డు వేయించి చూపించిన మనుషులు ఉన్నారు. మనకు పెళ్ళి ముహూర్తాలు ఎప్పుడుంటాయి? మాఘ ఫాల్గుణాలు పోగా మిగిలినవి ఎక్కువగా వైశాఖంలో, జ్యేష్ఠంలో. సరిగ్గా ఉదయగిరి కొండ నిప్పులు కక్కే నెలల్లో స్టూడియోకు పని ఎక్కువ. పగలు షూటింగ్, రాత్రంతా రెండరింగ్. కార్డుకు విశ్రాంతి లేనిది మన ఎండల్లోనే.

ఉదయగిరిలో నేను తరచూ వెళ్ళే ఒక స్టూడియో చెక్క గరిటెలు చేసే వీధిలో ఉండేది. కొండ కలపతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎంతో గొప్ప పనితనం. ఆ చేతులను చూస్తే నాకు మా అవ్వ చేతులు గుర్తొస్తాయి. చెక్క నునుపు చేసేటప్పుడు లేచే పొడి మాత్రం గాలిలో తేలి స్టూడియోలోకి వచ్చేది. కార్డు విప్పితే రెక్కల సందుల్లో లేత గోధుమ రంగు పొర దట్టంగా పేరుకుని, గాలి దారి పూర్తిగా మూసుకుని ఉండేది. ఫ్యాను మాత్రం పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంది. మోత ఉంది, చల్లదనం లేదు. ఆ స్టూడియో యజమాని ఆటో ప్రచారాలకు వాయిస్ కూడా రికార్డు చేసేవాడు. "భాయ్, ఓటరు మహాశయులారా అన్న ప్రతిసారీ వెనక హోరు పడతా ఉంది" అని వాపోయాడు. అక్కడ కంప్యూటర్‌ను రికార్డింగ్ గదిలోంచి తీయించి, గోడకు రంధ్రం చేయించి, కేబుళ్ళు పొడిగించి, పక్క గదిలో నేలకు ఎత్తుగా పెట్టించాను. గాలి లోపలికి వచ్చే చోట పలచటి వల. ప్రతి పెళ్ళిళ్ళ సీజను ముందూ కార్డు విప్పి శుభ్రం చేయడం వాడుకైంది. హోరు పోయింది, కార్డు కూడా చాలాకాలం నిలిచింది.

కార్డుల ఆయుష్షును తిన్న ఇంకో సంగతి ఉంది, అది చప్పుడు చేయదు. చిప్పు లోపల సిలికాన్ ముక్కను కింది పలకకు కలిపేవి కంటికి ఆనని టంకం బొట్లు. వేడెక్కినప్పుడు సిలికానూ పలకా ఒకే కొలతలో వ్యాకోచించవు. ఎక్కి దిగి, ఎక్కి దిగి ఆ బొట్లు పగులుతాయి. లాప్‌టాప్ చిప్పుల్లో ఇలాంటి లోపాలు విరివిగా బయటపడి, 2008 జులైలో ఎన్విడియా 15 నుంచి 20 కోట్ల డాలర్లు ఖర్చుకింద పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. కరెంటు కోతల రోజుల్లో మా వైపు ఈ జబ్బు ఎక్కువగా కనపడేది. కాగిపోతున్న కార్డు కోతతో ఒక్కసారిగా ఆరిపోవడం, కరెంటు రాగానే మళ్ళీ కాగడం. కొన్ని కొట్లలో అలాంటి కార్డును హీట్ గన్‌తో కాల్చి "బాగుచేశాం" అని డబ్బు తీసుకునేవాళ్ళు. కొన్ని వారాలు నడిచి మళ్ళీ పోయేది. ఆ పనిని నేను రిపేరు అనను, ఎప్పుడూ చేయలేదు. పగిలిన బొట్టు ఆ కాల్పుతో అతకదు.

తర్వాతి సంవత్సరాల్లో మెరుగుదల వచ్చింది. 2013 అక్టోబరులో వచ్చిన ఏఎండీ ఆర్9 290ఎక్స్ మాత్రం మినహాయింపు. 95 డిగ్రీల దగ్గరే పనిచేయడానికి తయారుచేశామని కంపెనీయే చెప్పింది, మోత సంగతి చెప్పనక్కర లేదు. ఆ మరుసటి ఏడాది నుంచి పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే కార్డులు వచ్చాయి. లోపల రాగి గొట్టాలు మామూలైపోయాయి. ఆ గొట్టంలో కొద్ది చుక్కల నీరు ఉంటుంది. వేడి చివర ఆవిరై, చల్లటి చివర మళ్ళీ నీరై, లోపలి గోడల వెంట వెనక్కి పాకుతుంది. దానికి మోటారు అక్కర్లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని పనిలో పెట్టాడు. రాగి అంటే గుర్తొచ్చింది: ఉదయగిరి వైపు గరిమెనపెంట దగ్గర రాగి ఖనిజం ఉన్నదని 19వ శతాబ్దంలోనే దొరల కాగితాల్లోకి ఎక్కింది. కరెంటుకు గేటు వేసే మైకా, వేడికి దోవ ఇచ్చే రాగి, రెండూ మన మెట్ట తాలూకాల నేలలో ఉన్నాయన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఇప్పుడు మళ్ళీ వాట్లు పెరుగుతున్నాయి. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చింది, 450 వాట్లు. ఆ నెలలోనే దాని కరెంటు ప్లగ్గులు కరిగిపోతున్నాయన్న వార్తలు దేశదేశాల నుంచి వచ్చాయి. 2025 జనవరిలో ఆర్‌టీఎక్స్ 5090, 575 వాట్లు. వీధి వీధంతా వినపడేలా మేం కట్టిన 100 వాట్ల ఆంప్లిఫయర్ గోడలోంచి తీసుకున్న కరెంటుకు ఇది రెట్టింపు పైనే.

ఇక్కడ అసలు విషయం చెప్పాలి. కార్డు గురించి వచ్చే పరీక్షల్లో గది వేడి మామూలుగా 20, 25 డిగ్రీల మధ్య ఉంటుంది. 25 డిగ్రీల గదిలో చిప్పు 75కి ఎక్కిందంటే, గది మీద 50 డిగ్రీలు ఎక్కినట్టు. అదే కార్డు, అదే ఫ్యాను వేగం, మే నెలలో ఆత్మకూరులో ఏసీ లేని 42 డిగ్రీల గది. 42కు 50 కలపండి, 92. చిప్పు అంత దాకా పోనివ్వదు. ముందు ఫ్యాన్లను పరుగెత్తిస్తుంది, అప్పటికీ తగ్గకపోతే తన వేగం తాను తగ్గించుకుంటుంది. కొన్నవాడికి మోత మిగులుతుంది, డబ్బు పెట్టిన వేగం మిగలదు. కార్డు చెడ్డదని తిట్టుకుంటాడు గానీ, ఆ కార్డును ఎవరూ మన ఎండ లెక్కలో కొలవలేదు.

నా తీర్పు ఇది. మన ప్రాంతంలో కార్డు కొనేవాళ్ళు వాట్లకు కాకుండా లోహానికి డబ్బు పెట్టాలి. ఒక మెట్టు చిన్న చిప్పు, ఒక మెట్టు పెద్ద కూలర్. ఉన్న పెద్ద కార్డుకైతే సెట్టింగుల్లో పవర్ లిమిట్‌ను 75, 80 శాతానికి దించండి. 4090 లాంటి కార్డులో పోయే వేగం పది శాతం లోపే, తగ్గే వేడీ మోతా చాలా ఎక్కువ. క్రిప్టో మైనింగ్‌లో పగలూ రాత్రీ నలిగిన సెకండ్‌హ్యాండ్ కార్డులు 2022 సెప్టెంబరు తర్వాత బజార్లో విరివిగా దిగాయి, ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. అలాంటిది కొంటే ముందు పేస్టూ ప్యాడ్లూ మార్పించండి. స్టూడియో ఉన్నవాళ్ళు మాఘం రాకముందే కార్డు విప్పించి శుభ్రం చేయించుకోండి.

కంపెనీలను మనం అడగాల్సింది కూడా ఒకటుంది. ఈ దేశంలో అమ్మే ప్రతి కార్డు అట్టపెట్టె మీద, 42 డిగ్రీల గదిలో అది ఎంత వేడెక్కుతుందో, ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో, ఎంత వేగం నిలబడుతుందో అచ్చు వేయాలి. కొనేటప్పుడు కొట్టువాణ్ణి ఈ మూడు అంకెలూ అడగండి. అడిగేవాళ్ళు ఎక్కువైతే ఆ ప్రశ్న తయారుచేసేవాళ్ళ దాకా పోతుంది.